నడిచేవాళ్ళ సిగ్నల్‌లో పచ్చబొమ్మ పడినా రోడ్డు సగంలోనే ఆగిపోతున్నాం. ఈ సిగ్నల్ సెకన్లు ఎవరి లెక్క ప్రకారం పెడుతున్నారు?

రోడ్డుదాటాలి
మా అమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్ళు కాస్త ఇబ్బంది పెడతాయి గానీ తన పనులన్నీ తనే చూసుకుంటుంది. మేముండే చోట పెద్ద కూడలి, అటు మూడు లేన్లు ఇటు మూడు లేన్లు. పచ్చబొమ్మ పడీపడగానే అడుగు వేస్తుంది, ఎక్కడా ఆగదు. అయినా డివైడర్ దాటి రెండో సగంలోకి వచ్చేసరికి బొమ్మ ఎర్రగా మారిపోతుంది. అవతల బళ్ళు అప్పటికే గుర్రుమంటూ ముందుకి జరుగుతుంటాయి. నిన్న ఒక బైకు హ్యాండిల్ తగిలి చేతిసంచి కిందపడింది. మనిషికి ఏం కాలేదు, అదే పదివేలు.

సిగ్నళ్ళు చూసే ఆఫీసులో అడిగితే "టైమింగ్ రూల్ ప్రకారమే ఉందండి, పెద్దావిడని తోడు లేకుండా పంపకండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రూల్ ఏంటి? ఎవరి నడక చూసి పెట్టారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

మూడోకన్ను
మా దగ్గరా ఇదే తంతు. పచ్చబొమ్మ పడేది మనం బయల్దేరడానికి కాదు, బయల్దేరాలా వద్దా అని ఆలోచించుకోవడానికి.

సిగ్నల్‌డబ్బా
నా ఉద్యోగమే ఇది, కాబట్టి చెప్తాను. రూల్ చాలా చిన్నది. దాటాల్సిన వెడల్పుని నడక వేగంతో భాగిస్తారు. చాలా చోట్ల వాడే వేగం సెకనుకి 1.2 మీటర్లు. ఆరు లేన్ల రోడ్డు 21 మీటర్లు అనుకోండి, 17.5 సెకన్లు వస్తుంది. కాగితం మీద అంతా సవ్యంగా ఉన్నట్టే.

తిరకాసు ఆ 1.2 దగ్గరే ఉంది. ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ళ నడకని కొలిచి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. సగటున మగవాళ్ళు సెకనుకి 0.9 మీటర్లు, ఆడవాళ్ళు 0.8 మీటర్లు నడుస్తున్నారు. 0.8తో నడిచే మనిషి 17.5 సెకన్లలో వెళ్ళగలిగేది 14 మీటర్లు. ఇంకా 7 మీటర్లు మిగిలిపోతాయి, అంటే రెండు లేన్లు. మీ అమ్మగారు ఎక్కడ చిక్కుకుంటున్నారని చెప్పారో సరిగ్గా అక్కడ. ఆవిడ నెమ్మది కాదు, ఆ లెక్కలో ఆవిడ లేరు.

అమెరికా వాళ్ళ సిగ్నల్ మాన్యువల్‌లో ఇదివరకు సెకనుకి 4 అడుగులు ఉండేది. 2009 ఎడిషన్‌లో 3.5 అడుగులకి, అంటే దాదాపు 1.07 మీటర్లకి దించారు. పెద్దవాళ్ళు, చక్రాల కుర్చీవాళ్ళు తరచూ దాటే చోట ఇంకా తక్కువ వేగం తీసుకోమని కూడా అందులోనే ఉంది. కాబట్టి "రూల్ ప్రకారమే" అన్నమాటకి అర్థం "మార్చడం కుదరదు" అని కాదు. ఆ సంఖ్య సిగ్నల్‌ని నడిపే కంట్రోలర్ డబ్బాలో టైప్ చేసేదే. రోడ్డు తవ్వక్కర్లేదు, సిమెంటు పోయక్కర్లేదు.

రోడ్డుదాటాలి
@సిగ్నల్‌డబ్బా రెండు లేన్లు మిగులుతాయని లెక్కే చెప్తోందన్నమాట! ఇన్నాళ్ళూ అమ్మ "నాదే ఆలస్యం" అని బాధపడుతోంది. ఈ పోస్టు ఇవాళే చదివి వినిపిస్తాను.

గేర్‌మార్చు
అందరూ నన్ను తిడతారేమో గానీ రెండోవైపు కూడా వినండి. నేను రోజూ కారులో వెళ్తాను. ఆ 0.8తో లెక్కేసి నడిచేవాళ్ళకి ఇంకో 9 సెకన్లు ఇస్తే నాలుగు వైపులా కలిపి 36 సెకన్లు. అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? క్యూ వెనక కూడలిదాకా పాకితే అక్కడా జామే. అంబులెన్సు ఇరుక్కుంటే అదీ ప్రాణమేగా?

మూడోకన్ను
@గేర్‌మార్చు కారు దిగాక మీరూ నడిచేవాళ్ళే కదా, పార్కింగ్ నుంచి ఆఫీసులోకి ఎగురుకుంటూ వెళ్తారా 🙂

లెక్కలపిచ్చి
@గేర్‌మార్చు అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ 36 సెకన్లు అనేది తప్పు లెక్క. ఒక రోడ్డుకి పచ్చ పడినప్పుడు, దానికి సమాంతరంగా నడిచేవాళ్ళకీ అదే సమయంలో పచ్చబొమ్మ ఇవ్వొచ్చు. పెద్ద రోడ్డు మీద బళ్ళకి 40 సెకన్లు పచ్చ ఉంటే, పక్కవీధిని దాటేవాళ్ళకి కావలసిన సెకన్లు అందులోనే ఇమిడిపోతాయి. అసలు చిక్కల్లా పెద్ద రోడ్డుని అడ్డంగా దాటేటప్పుడే. ఎందుకంటే అప్పుడు పచ్చ ఉండేది చిన్నవీధి బళ్ళకి, వాటికి ఇచ్చేదే కొద్ది సెకన్లు. పెంచాల్సింది అక్కడొక్కచోట.

ఇంకో సంగతి. సిగ్నల్ మొత్తం ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం ఎంతుండాలో చెప్పే సూత్రం ఒకటుంది, 1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్ అనే ఆయన ఇచ్చింది. ఇప్పటికీ పాఠాలు దానితోనే మొదలవుతాయి. అది తగ్గించేది బళ్ళు ఆగే సమయాన్ని. ఫుట్‌పాత్ అంచున నిలబడ్డ మనిషి ఎంతసేపు ఆగాడన్నది ఆ సూత్రంలో ఎక్కడా లేదు. అరవై ఏళ్ళు దాటినా మనం అదే పునాది మీద కట్టుకుంటూ పోతున్నాం.

మనిషి ఎదురుచూపుకీ లెక్కుంది, చేసి చూడండి: చుట్టులోంచి పచ్చబొమ్మ సమయం తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించి, చుట్టుకి రెట్టింపుతో భాగించాలి. చుట్టు 180 సెకన్లు, పచ్చబొమ్మ 20 అయితే సగటున 71 సెకన్లు ఆగాలి. చుట్టు 90 అయితే 27 సెకన్లే. అమెరికాలో రోడ్ల సామర్థ్యం లెక్కలకి వాడే మాన్యువల్ 30 సెకన్లు దాటి ఆగాల్సి వస్తే నడిచేవాళ్ళకి ఓపిక నశిస్తుందని ఒప్పుకుంటుంది. 71 సెకన్లు ఆపి, "జనానికి క్రమశిక్షణ లేదు, ఎర్రబొమ్మలోనే దూకుతున్నారు" అనడం ఏం న్యాయం?

ఎర్రదీపం
@లెక్కలపిచ్చి చివరి వాక్యానికి దండం. పొడుగు చుట్టు పెట్టేవాళ్ళే ఎర్రబొమ్మలో దూకేవాళ్ళని తయారుచేస్తున్నారు.

గేర్‌మార్చు
సమాంతరంగా ఇవ్వొచ్చన్నది ఒప్పుకుంటా. కానీ చుట్టు చిన్నదైతే మాటిమాటికీ ఆగడం, మాటిమాటికీ బయల్దేరడం. ప్రతి మార్పులో కొన్ని సెకన్లు ఊరికే పోతాయి కదా?

సిగ్నల్‌డబ్బా
పోతాయి. నాలుగు ఫేజులున్న, అంటే పచ్చ నాలుగు వంతులుగా తిరిగే కూడలిలో ఫేజుకి 4 సెకన్ల చొప్పున చుట్టుకి 16 సెకన్లు పోయాయనుకోండి. 90 సెకన్ల చుట్టులో 82 శాతం సమయం పనికొస్తుంది, 180 సెకన్ల చుట్టులో 91 శాతం. చుట్టు రెట్టింపు చేస్తే బళ్ళకి దక్కింది ఆ 9 శాతం, నడిచేవాళ్ళ ఎదురుచూపు మాత్రం రెండున్నర రెట్లకి పైగా పెరిగింది. పైగా పొడుగు పచ్చలో చివరి సెకన్లు చాలాసార్లు ఖాళీ రోడ్డు మీద వృథా అవుతుంటాయి. ఆఫీసు వేళల్లో కాస్త పొడుగు, మిగతా వేళల్లో పొట్టి పెట్టుకోవచ్చు. కంట్రోలర్‌లో వేళని బట్టి వేరే వేరే ప్లాన్లు పెట్టుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. పెట్టకపోవడం బద్ధకం తప్ప ఇంకోటి కాదు. నా తోటి ఉద్యోగులు చదివినా సరే, ఇదే మాట అంటాను.

పెద్దబండి
బస్సు నడుపుతాను. మీరంతా సెకన్ల గురించే మాట్లాడుతున్నారు. డ్రైవర్ సీటులోంచి ఏం కనబడుతుందో ఒకసారి చెప్తాను.

మాకూ పచ్చే, పక్కనే జీబ్రా గీతల మీదకి వచ్చే మనిషికీ పచ్చే. ఇద్దరం ఒకేసారి కదులుతాం. నేను స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు అద్దానికీ తలుపుకీ మధ్యనున్న స్తంభం, దాని పక్కన సైడ్ మిర్రర్, రెండూ కలిసి ఒక మనిషిని నిలువునా కప్పేస్తాయి. అదీ ఒక్క క్షణం కాదు. నేను తిరిగే వేగం, ఆయన నడిచే వేగం సరిపోయాయా, ఆయన ఆ స్తంభం వెనకే ఉంటూ నాతోపాటే జరుగుతాడు. సీటులో ముందుకీ వెనక్కీ ఊగి చూసుకుంటే తప్ప తెలీదు. నేను ఊగుతాను. అందరూ ఊగరు.

ఒక సిగ్నల్‌లో మాత్రం ముందు నడిచేవాళ్ళకి వదిలి, తర్వాత మాకు వదులుతారు. మాకు పచ్చ పడేసరికే జనం గీతల మధ్యలో, నా అద్దానికి ఎదురుగా ఉంటారు. కనబడటం లేదనడానికి వీలే లేదు. ఆ సిగ్నల్ దగ్గర నాకు గుండెదడ ఉండదు.

ఎర్రదీపం
@పెద్దబండి మీరు చెప్పినదాన్నే ఇంగ్లీషులో లీడింగ్ పెడెస్ట్రియన్ ఇంటర్వల్ అంటారు. బళ్ళకంటే 3 నుంచి 7 సెకన్ల ముందు పచ్చబొమ్మ వేయడం. న్యూయార్క్‌లో వేల కూడళ్ళలో పెట్టారు. అమెరికా ఫెడరల్ హైవే శాఖ దీన్ని రుజువైన పద్ధతుల జాబితాలో చేర్చింది, కూడళ్ళలో మనుషుల్ని బళ్ళు గుద్దే ప్రమాదాలు 13 శాతం తగ్గుతాయని చెప్తోంది. మూడు సెకన్ల ఖర్చుకి అంత ఫలితం ఇంకెక్కడ దొరుకుతుంది?

సిగ్నల్‌డబ్బా
దీంట్లో ఒక మెలిక. ఎర్ర ఉన్నా పక్కకి తిరిగి వెళ్ళిపోయే వెసులుబాటు ఉన్నచోట ఈ ముందస్తు సెకన్లు గాలికిపోతాయి. జనం గీతల మీదకి దిగుతారు, తిరిగే బళ్ళు అప్పుడే దూసుకొస్తాయి. ఎడమవైపు నడిపే దేశాల్లో ఫ్రీ లెఫ్ట్, కుడివైపు నడిపే చోట రైట్ ఆన్ రెడ్. పేరేదైనా రోగం ఒకటే. న్యూయార్క్ నగరంలో బోర్డు పెట్టి అనుమతిస్తే తప్ప ఎర్రలో కుడికి తిరగకూడదు. ఈ రెండూ కలిసే ఉండాలి.

గేర్‌మార్చు
ఫ్రీ లెఫ్ట్ తీసేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎందుకు ఆగాలి?

మూడోకన్ను
ఖాళీగా ఉందో లేదో ఎవరు చూస్తున్నారండీ? ఫ్రీ లెఫ్ట్ తీసుకునేవాళ్ళ మెడ కుడివైపుకే తిరిగి ఉంటుంది, అటునుంచి బండి వస్తోందా అని. నడిచే మనిషి ఎడమవైపు ఫుట్‌పాత్ మీంచి దిగుతాడు. తల అటు, చక్రం ఇటు.

పెద్దబండి
@మూడోకన్ను నూటికి నూరుపాళ్ళు. మా డిపోలో కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: మెడ తిప్పిన వైపు బళ్ళుంటాయి, తిప్పని వైపు మనుషులుంటారు.

గేర్‌మార్చు
నేను నెమ్మదిగానే తిరుగుతాను. అందర్నీ ఒకే గాటన కట్టకండి. రద్దీ కూడళ్ళలో తీసేయండి, శివార్లలో ఉంచండి. అంతవరకూ సరే.

చేతికర్ర
నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో చదువుతున్నాను. ముందస్తు పచ్చ అని అందరూ సంబరపడుతున్నారు కాబట్టి ఇది చెప్పాలి.

మేం రోడ్డు దాటేది చెవులతో. నా పక్కన, నేను వెళ్ళే దిశలోనే వెళ్ళే బళ్ళు ఒక్కసారిగా కదిలిన చప్పుడు వినగానే మాకు పచ్చ పడిందని అర్థం చేసుకుని దిగుతాం. ముందస్తు పచ్చ పెట్టిన చోట బొమ్మ పడినా బళ్ళు కదలవు, చప్పుడు రాదు. నేను అక్కడే నిలబడి ఉంటాను. బళ్ళు కదిలాక దిగుతాను, అంటే అవి తిరగడం మొదలుపెట్టిన క్షణంలో. మీకు రక్షణగా ఇచ్చిన సెకన్లు నాకు అపాయంగా మారాయి.

దీనికి మందు ఉంది. బొమ్మతోపాటు శబ్దం రావాలి. బ్రిటన్‌లో పచ్చబొమ్మ కోసం నొక్కే బటన్ డబ్బా అడుగున వేలి చివరంత చిన్న శంకు ఉంటుంది, దాని చుట్టూ సన్నని గాట్లు. పచ్చబొమ్మ పడగానే అది తిరుగుతుంది. చెయ్యి డబ్బా కిందపెట్టి, ఆ శంకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడితే చాలు. హోరులో శబ్దం వినబడకపోయినా వేళ్ళకి తెలుస్తుంది. చెవుడు కూడా ఉన్నవాళ్ళకి అదే దారి. ముందస్తు పచ్చ అడిగే ప్రతివాళ్ళూ శబ్దం, స్పర్శ కూడా కలిపి అడగండి. లేకపోతే మమ్మల్ని వెనక వదిలేసినట్టే.

రోడ్డుదాటాలి
@చేతికర్ర గారూ, ఇది నాకు తట్టనే లేదు. అర్జీలో తప్పకుండా రాస్తాను.

సిగ్నల్‌డబ్బా
@చేతికర్ర చెప్పింది అక్షరాలా నిజం. ముందస్తు పచ్చ పెట్టేటప్పుడు శబ్దం కూడా పెట్టాలని మార్గదర్శకాల్లో ఉంటుంది, ఆచరణలో ఎగ్గొట్టేది దాన్నే.

తీరికలేదు
కౌంట్‌డౌన్ అంకెలు పెడితే సరిపోదా? 12, 11, 10 అని చూసుకుని ఎవరి శక్తిని బట్టి వాళ్ళు నిర్ణయించుకుంటారు.

లెక్కలపిచ్చి
నడిచేవాళ్ళకి మంచిదే. అమెరికాలో 2009 మాన్యువల్ నుంచి, దాటడానికి 7 సెకన్లకి మించి పట్టే చోట కొత్త సిగ్నళ్ళకి తప్పనిసరి చేశారు. కానీ అంకె చూపిస్తే సెకన్లు పెరగవు. 17 సెకన్లు చాలనివాళ్ళకి 17 అని అంకె కూడా చూపించారు, అంతే.

ఇంకోటి, ఆ అంకెలు బళ్ళవాళ్ళకి కనబడకూడదు. 3, 2 అని చూడగానే యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళు ఉంటారు.

ఎర్రదీపం
తైపేలో 1999 నుంచి పచ్చబొమ్మ కదులుతూ నడుస్తుంది, సమయం అయిపోవస్తుంటే పరుగెడుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది.

మూడోకన్ను
బొమ్మకి మోకాళ్ళ నొప్పులు ఉండవుగా 😄

తీరికలేదు
😂😂

సంధ్యవేళ
నాలుగు వైపులా బళ్ళన్నీ ఆపేసి జనాన్ని ఐమూలగా కూడా దాటనిచ్చే పద్ధతి ఎందుకు పెట్టరు? టోక్యో షిబుయా వీడియోలు చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

సిగ్నల్‌డబ్బా
దానికి బార్న్స్ డాన్స్ అని పేరు. హెన్రీ బార్న్స్ అనే ఇంజినీరు 1950ల్లో డెన్వర్‌లో ప్రాచుర్యంలోకి తెచ్చాడు, తర్వాత న్యూయార్క్‌లోనూ పెట్టాడు. తిరిగే బళ్ళతో గొడవే ఉండదు. జనం వందల్లో దాటే చోట దీనికి సాటి లేదు. మిగతాచోట్ల పెడితే చుట్టు పొడుగవుతుంది, నడిచేవాళ్ళే ఎక్కువసేపు ఆగాలి. పైన @లెక్కలపిచ్చి వేసిన లెక్క గుర్తుందిగా, ఆగలేనివాళ్ళు ఎర్రబొమ్మలోనే దిగుతారు. అందుకని జనసమ్మర్దం ఉన్న కూడళ్ళకే ఇది.

రోడ్డుదాటాలి
మా కూడలికి జనం అంత ఉండరు. కానీ పెద్దవాళ్ళు ఎక్కువ, దగ్గర్లో ఆస్పత్రి ఉంది. అందరికీ అన్నివేళలా సెకన్లు పెంచడానికి వాళ్ళు ఒప్పుకోకపోతే ఇంకేదైనా మార్గం?

సిగ్నల్‌డబ్బా
సింగపూర్‌లో 2009 నుంచి గ్రీన్ మ్యాన్ ప్లస్ అని ఉంది. వయసు పైబడినవాళ్ళు, వికలాంగులు తమ కార్డుని స్తంభం మీద రీడర్‌కి తాకిస్తే రోడ్డు వెడల్పుని బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనంగా వస్తాయి. అవసరమైనప్పుడే పెరుగుతాయి కాబట్టి @గేర్‌మార్చు లాంటివాళ్ళకీ అభ్యంతరం ఉండదు.

బ్రిటన్‌లో పఫిన్ క్రాసింగ్ అని ఇంకొకటుంది. గీతల మీద మనిషి ఇంకా ఉన్నాడా అని సెన్సర్ చూస్తుంటుంది, ఉన్నంతసేపూ కొంత హద్దువరకూ బళ్ళకి ఎర్ర పొడిగిస్తుంది. బటన్ నొక్కి ఈలోపే దాటి వెళ్ళిపోతే ఆ పిలుపు రద్దవుతుంది, బళ్ళు ఊరికే ఆగక్కర్లేదు. నా ఓటు దీనికే. కార్డు తెచ్చుకోలేదని, వికలాంగుల సర్టిఫికెట్ లేదని ఎవరినీ వెనక్కి నెట్టదు. కాలు బెణికినవాడికీ పనిచేస్తుంది, చంటిపిల్లని ఎత్తుకున్న తల్లికీ పనిచేస్తుంది.

గేర్‌మార్చు
ఇది బాగుంది. మనిషి ఉంటేనే ఆపడం అనేది డ్రైవర్‌కి కూడా సబబుగా అనిపిస్తుంది.

తీరికలేదు
బటన్ అంటే గుర్తొచ్చింది. నొక్కినా నొక్కకపోయినా ఒకటే అంటారు, నిజమేనా?

సిగ్నల్‌డబ్బా
చోటుని బట్టి. కొన్నిచోట్ల ప్రతి చుట్టులో పచ్చబొమ్మ దానంతటదే పడేలా పెడతారు, అక్కడ బటన్ ఉత్తిదే. కొన్నిచోట్ల నొక్కకపోతే చుట్టు మొత్తం తిరిగినా పచ్చబొమ్మ రాదు. రెండోదే అన్యాయం. బండివాడు వస్తే సెన్సర్ కనిపెడుతుంది, మనిషి మాత్రం అర్జీ పెట్టుకోవాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చేతులు తగలకూడదని సిడ్నీలాంటి చోట్ల పచ్చబొమ్మ దానంతటదే పడేలా మార్చేశారు. కావాలనుకుంటే కొద్దిరోజుల్లో అయ్యే పని అన్నమాట. జనం ఎప్పుడూ ఉండే కూడళ్ళలో ఇదే శాశ్వతంగా ఉండాలి.

సంధ్యవేళ
రాత్రుళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. పదకొండు దాటాక మా సిగ్నళ్ళు పసుపు మిణుకు మిణుకుమంటాయి. ఆ టైములో షిఫ్టు దిగి వస్తాను. బళ్ళు పగటికి రెట్టింపు వేగంతో వస్తాయి, ఆగేవాడు ఒక్కడూ ఉండడు.

పెద్దబండి
రాత్రి పసుపు అంటే మా డ్రైవర్లలో చాలామందికి పచ్చ కిందే లెక్క. దాచి లాభం లేదు.

లెక్కలపిచ్చి
దీనికి ఎదురు పద్ధతి ఒకటుంది: రాత్రుళ్ళు అన్నివైపులా ఎర్రలో ఉంచి, బండి దగ్గరికొచ్చి వేగం తగ్గించాక పచ్చ ఇవ్వడం. సిగ్నల్ దూరం నుంచే ఎర్రగా కనబడితే ఎవరూ ఎనభైలో రారు.

పగలు కూడా వరస సిగ్నళ్ళతో వేగాన్ని పట్టి ఉంచొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాలెన్సియా వీధిలో గంటకి 13 మైళ్ళు, అంటే సుమారు 21 కిలోమీటర్ల వేగంతో వెళ్తేనే వరసగా పచ్చలు పడేలా పెట్టారు. దూకుడుగా వెళ్ళినవాడు తర్వాతి ఎర్ర దగ్గర ఆగాల్సిందే, కాబట్టి దూకుడు దండగ.

సంధ్యవేళ
ఎర్రలో ఉంచే పద్ధతికి కొత్త సామాను కావాలా?

లెక్కలపిచ్చి
బండిని పసిగట్టే సెన్సర్ ఉండాలి. అవి లేనిచోట కనీసం రాత్రి కూడా మామూలు సిగ్నల్‌నే పొట్టి చుట్టుతో నడపమనండి. 50, 60 సెకన్ల చుట్టు అయితే ఎవరికీ పెద్దగా ఆలస్యం ఉండదు.

రోడ్డుదాటాలి
అర్జీ రాయడానికి కూర్చున్నాను. "సమయం చాలడం లేదు" అని రాస్తే మళ్ళీ అదే జవాబు వస్తుంది. ఏం రాయాలి?

సిగ్నల్‌డబ్బా
అంకెలు రాయండి. ఈ అంచు నుంచి ఆ అంచుకి వెడల్పు ఎన్ని మీటర్లు, పచ్చబొమ్మ నిలకడగా ఎన్ని సెకన్లు, మిణుకుమనేది ఎన్ని సెకన్లు, మొత్తం చుట్టు ఎంత. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి విడివిడిగా కొలవండి, ప్లాన్లు మారుతుంటాయి. తర్వాత "ఈ కూడలికి ఎంత నడక వేగం తీసుకున్నారో రాతపూర్వకంగా తెలపండి" అని ఒక్క వాక్యం. ఆస్పత్రి దగ్గరే ఉందని, పెద్దవాళ్ళు ఎక్కువ దాటతారని రాసి, సెకనుకి 0.8 మీటర్లతో మళ్ళీ లెక్క కట్టమని అడగండి. మిణుకుమనేటప్పుడు కొత్తగా దిగకూడదు గానీ దిగినవాళ్ళు పూర్తిగా దాటాలి, అందుకని ఆ మిణుకు సెకన్లు మొత్తం వెడల్పుకి సరిపోతున్నాయా లేదా అన్నదే మీ వాదనకి ఆయువుపట్టు.

చేతికర్ర
శబ్దం, శంకు మర్చిపోకండి.

రోడ్డుదాటాలి
@చేతికర్ర మూడో పేరాలోనే పెట్టాను. డివైడర్ మీద నిలబడటానికి చోటు కూడా అడగనా?

సిగ్నల్‌డబ్బా
అడగండి, కానీ సెకన్లకి బదులుగా మాత్రం కాదు. "మధ్యలో ఆగుతారులే" అని టైము ఇంకా తగ్గించేస్తారు. డివైడర్ మీద చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు ఉండాలి, అక్కడ కూడా బటన్ ఉండాలి అని స్పష్టంగా రాయండి.

పెద్దబండి
స్టాప్ లైన్ గీతలకి ఇంకాస్త వెనక్కి జరపమని కూడా రాయండి. నా బస్సు ముందు ఎత్తుగా ఉంటుంది, మరీ దగ్గర ఆగితే పొట్టివాళ్ళు, పిల్లలు అద్దం కిందకి పోతారు, కనబడరు.

గేర్‌మార్చు
అర్జీ కాపీ ఇక్కడ పెట్టండి. మా ఆఫీసు ముందున్న కూడలికి కూడా అదే పంపుతాను, వెడల్పు నేనే కొలుస్తాను.